పరాజయ భావము: దీర్ఘకాలము ఓడిన బేస్‌బాల్ జట్టుల చరిత్రపై ఒక పరిశీలన

ఓటమి రెండు విధములు. ఒకటి ఆటస్థలమున సంభవించునది. అది ఆనాటి సాయంకాలమునకు ముగియును. రెండవది మనస్సున నిలుచునది. అది మరునాటి ఆటకు ముందే ఆరంభమగును. మొదటిదానిని లెక్కింపవచ్చును, పత్రికలయందు అచ్చువేయవచ్చును. రెండవదానికి కొలబద్ద లేదు. ఐనను అమెరికా సంయుక్త రాష్ట్రములలో నూఱేండ్లకు పైబడి సాగుచున్న వృత్తి బేస్‌బాల్ క్రీడయందు, ఏటేట ఓడుచు వచ్చిన జట్టులనుగూర్చి ముచ్చటించువారు పెక్కురు ఈ రెండవదానినే ముఖ్యకారణముగా ఎంచుచుందురు. ఆ జట్టునకు ఓటమి అలవాటైపోయినదని వారి వాదము. ఈ మాటలో నిజమెంత? ఓటమి వలన భావము పుట్టినదా, భావము వలన ఓటమి కలిగినదా? అట్టి భావము నిజముగా నున్నచో అది ఎవరియందు నివసించును? కొన్ని జట్టుల చరిత్రను ఆధారముగా గొని ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఆట స్వరూపము

బేస్‌బాల్ క్రికెట్టునకు దూరపు చుట్టము. ఇందును బంతి విసరువాడు, కొట్టువాడు, పట్టువారు కలరు. మైదానమున నిలుచు జట్టునకు తొమ్మండుగురు. ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. బేసులని పేరుగల నాలుగు స్థానములు చతురస్రపు నాలుగు మూలలయందు అమర్చియుండును. బంతిని కొట్టినవాడు ఆ స్థానములను చుట్టి మొదటి చోటికి చేరినయెడల ఒక పరుగు లభించును. మువ్వురు ఔటగుటతో ఒక పక్షపు వంతు ముగియును. క్రికెట్టునందువలె ఒక్కడే దినమంతయు నిలిచి జట్టును కాపాడుటకు ఇచట వీలు లేదు. ఎంత గొప్పవాడైనను తన వంతు వచ్చువఱకు వేచియుండవలసినదే.

ప్రధాన లీగులు రెండు, జట్టులు 30. ఒక్కొక్క జట్టు వసంతకాలమున మొదలిడి సెప్టెంబరు చివర వఱకు 162 ఆటలాడును. వానిలో మేలైనవి తుది పోటీలకు ఎన్నికయగును. ఇరు లీగుల విజేతలు కడపట వరల్డ్ సిరీస్ అను పోటీలో కలిసికొందురు.

ఈ 162 అను సంఖ్యను మనస్సున నుంచుకొనవలెను. నూఱు ఆటలు గెలిచిన జట్టు మహాజట్టు. నూఱు ఆటలు ఓడినది అధమము. అనగా అట్టి ఉత్తమమైన జట్టునకు కూడ అఱువది ఓటములు తప్పవు. అట్టి అధమమైన జట్టునకును అఱువది గెలుపులు దక్కును. పది పర్యాయములలో మూడు మాఱులు సఫలుడైన కొట్టువాడు శ్రేష్ఠుడని పేరొందును. తక్కిన ఏడు మాఱులు అతడును విఫలుడే. కావున ఈ క్రీడయందు ఓటమి ఆకస్మిక విపత్తు కాదు, దినచర్య. నేటి ఓటమిని నేటితో విడిచి రేపటి ఆటకు రాగల జట్టునకును, దానిని మోసికొని వచ్చు జట్టునకును గల తారతమ్యము ఆఱు మాసములలో పెద్దదిగా పెరుగును. పరాజయ భావమను మాటకు ఈ ఆటలో ప్రాముఖ్యము కలుగుటకు మూలమిదియే.

పిట్స్‌బర్గ్ ఇరువది వత్సరములు

పెన్సిల్వేనియా రాష్ట్రములోని పిట్స్‌బర్గ్ ఉక్కు పరిశ్రమకు పేరుగన్న నగరము. అచటి జట్టు పేరు పైరేట్స్, అనగా సముద్రపు దొంగలు. 1909, 1925, 1960, 1971, 1979 సంవత్సరములలో ఈ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచినది. 1990 మొదలు మూడేండ్లు వరుసగా తన విభాగమున ప్రథమస్థానము పొందినది. ఓటమి దానికి పుట్టుకతో వచ్చిన గుణము కాదు.

1992 అక్టోబరు 14వ తేదీన అట్లాంటాలో లీగు విజేతను నిర్ణయించు ఏడవ ఆట జరిగెను. తొమ్మిదవ ఇన్నింగ్సు చివరి వంతు మొదలగునప్పటికి పిట్స్‌బర్గ్ 2–0 ఆధిక్యముతో నుండెను. ఆ వంతులోనే అట్లాంటా మూడు పరుగులు చేసి గెలిచెను. అంతగా పేరులేని ఫ్రాన్సిస్కో కాబ్రెరా కొట్టిన దెబ్బకు, వేగముగా పరుగెత్తలేడని పేరుపడిన సిడ్ బ్రీమ్ చివరి బేసునకు జారి, వచ్చుచున్న బంతికంటె రెప్పపాటు ముందుగా చేరెను. ఆ బంతిని విసరినవాడు ఆనాటి మేటి ఆటగాడైన బారీ బాండ్స్. కొలది వారములలోనే అతడు అధిక వేతనమునకు శాన్‌ఫ్రాన్సిస్కో జట్టునకు వెడలిపోయెను. ప్రధాన పిచ్చరైన డగ్ డ్రాబెక్ హ్యూస్టన్ చేరెను.

అది మొదలు 1993 నుండి 2012 వఱకు ఇరువది సంవత్సరములు ఆ జట్టు ప్రతియేడును గెలిచినవానికంటె ఎక్కువ ఆటలు ఓడెను. ఉత్తర అమెరికాలోని ప్రధాన వృత్తి క్రీడలలో మఱి ఏ జట్టునకును ఇంతటి దీర్ఘపరాజయము లేదు. 2001లో నదీతీరమున సుందరమైన క్రొత్త క్రీడాస్థలము తెరచిరి. ఆ యేడే 100 ఆటలు ఓడిరి. 2010లో 105 ఓడిరి. భారతదేశమున బల్లెము విసరుట నేర్చిన రింకూ సింగ్, దినేష్ పటేల్ అను యువకులిరువురను 2008లో పిచ్చర్లుగా తీర్చుటకై ఒప్పందము గావించుకొన్నది ఈ జట్టే. వారు దిగువ శ్రేణి జట్టులయందు ఆడిరి.

ఈ ఇరువది ఏండ్లలో చివరి రెండును మిక్కిలి పరిశీలింపదగినవి. 2011 జూలైలో జట్టు తన విభాగమున అగ్రస్థానము తాకెను. ఆ నెల 26న అట్లాంటాలో 19 ఇన్నింగ్సులు సాగిన ఆటలో, వివాదాస్పదమైన అంపైరు తీర్పుతో 3–4గా ఓడెను. పిమ్మట జట్టు కూలిపోయెను. సంవత్సరాంతమునకు 72 గెలుపులు, 90 ఓటములు. మరుసటి యేడు ఆగస్టు 8 నాటికి 63 గెలుపులు, 47 ఓటములతో ముందంజ వేసియుండెను. మిగిలిన 52 ఆటలలో గెలిచినవి 16 మాత్రమే. ఆ యేడును 83 ఓటములతో ముగిసినది.

పరాజయ భావమునకు ఇంతకంటె సాక్ష్యమేల అని పలువురు ప్రశ్నించిరి. ఆటగాండ్రు గెలుపును చూచి బెదరిరనియు, గట్టునకు చేరువలో పడవను తామే ముంచుకొనిరనియు పలికిరి. ఈ నిర్ణయము తొందరపాటు. సగటు బలముగల జట్టు మూడు నెలలు అదృష్టముతో మించి ఆడి, తరువాత తన స్థాయికి దిగివచ్చుట గణితమునకు తెలిసిన విషయమే. గాయములును, అలసటయును, తగిన మాఱు ఆటగాండ్రు లేకుండుటయు కారణములు కావచ్చును. ఐనను రెండేండ్లు వరుసగా ఒకే విధమున కూలిన జట్టులో తరువాతి యేడు ఆగస్టు మాసమును తలచుకొనినపుడు కలుగు భయము మాత్రము కల్పితమని త్రోసివేయరాదు.

భావమునకు నివాసమెచ్చట

ఇచట ఒక చిక్కు కలదు. వృత్తి బేస్‌బాల్ జట్టులో ఆటగాండ్రు నిలుకడగా నుండరు. 1975 చివర వెలువడిన మధ్యవర్తి తీర్పుతో, ఒప్పందము ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టున చేరు స్వేచ్ఛ పొందెను. ఐదాఱు సంవత్సరములలో జట్టు దాదాపు పూర్తిగా మాఱిపోవును. 1993లో ఓడినవారు వేఱు, 2012లో ఓడినవారు వేఱు. మనుష్యులు మాఱినను భావము నిలిచియున్నచో అది ఆటగాండ్ర మనస్సులలో నున్నదనుట ఎట్లు?

పరిశీలించినచో అది మూడు చోట్ల నిలుచుచున్నట్లు తోచును. మొదటిది యాజమాన్యపు కార్యాలయము. ఆ క్రీడలో జట్టు వేతనములకు కఠినమైన గరిష్ఠ పరిమితి లేదు. న్యూయార్క్ వంటి మహానగరపు జట్టునకు స్థానిక టెలివిజన్ మూలముగ వచ్చు ఆదాయము పిట్స్‌బర్గ్ వంటి నగరమునకు రాదు. ఇది నిజమైన అసమానతయే. కాని ఈ నిజము క్రమముగా సాకుగా మాఱును. ఎట్లును గెలువలేమని నమ్మిన కార్యాలయము మంచి ఆటగాని తయారుచేసి, అతని ధర పెరుగగానే ఇతరులకిచ్చివేయును. పిట్స్‌బర్గ్ 2008లో జేసన్ బేను, 2009లో నేట్ మెక్‌లౌత్, జాక్ విల్సన్, ఫ్రెడ్డీ శాంచెజ్ మొదలగువారిని ఇతర జట్టులకు పంపెను. భవిష్యత్తునకై చేసిన పనియని యజమానులు చెప్పవచ్చును. కాని మిగిలిన ఆటగానికి అందు వినబడునది వేఱు: ఈ యేటి ఆట ముగిసినది, నీ శ్రమకు విలువ లేదు అని.

రెండవది ప్రేక్షకులును పత్రికలును. మూడవది సంస్థ యొక్క వాడుక: యువకులకు శిక్షణ నిచ్చు తీరు, తప్పు జరిగినపుడు దానిని సరిదిద్దు తీరు, సరిదిద్దక విడుచు తీరు. క్రొత్తగా చేరినవాడు మొదటి నెలలోనే ఇవి గ్రహించును.

ఫిలడెల్ఫియా చరిత్ర దీనిని ధ్రువపరచుచున్నది. ఫిల్లీస్ అను ఆ జట్టు 1933 మొదలు 1948 వఱకు 16 ఏండ్లు వరుసగా ఓటముల పాలయ్యెను. 1933లో లీగులో అగ్రగామిగా నిలిచిన కొట్టువాడు ఆ జట్టులోని చక్ క్లైన్. ఆ శరత్కాలముననే అతనిని డబ్బునకును మువ్వురు ఆటగాండ్రకును షికాగో జట్టునకు ఇచ్చివేసిరి. తమ ఇంటి దూలమును తామే అమ్ముకొని, కప్పు కూలినదని విలపించుట వంటిదిది. 1943లో ధనికుడైన కార్పెంటర్ కుటుంబము జట్టును కొని, దిగువ శ్రేణి శిక్షణకు ధనము వెచ్చించెను. 1948 వఱకు ఓడిన ఆ జట్టే 1950లో లీగు విజేతయయ్యెను. పదునాఱేండ్ల పరాజయ భావము రెండేండ్లలో ఎటు పోయెను? అది ఆటగాండ్ర నరములయందున్నచో అంత త్వరగా పోవునది కాదు.

మనశ్శాస్త్రము చెప్పునది

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అను పరిశోధకులు కుక్కలపై చేసిన ప్రయోగములను ప్రకటించిరి. తప్పించుకొన వీలులేని విద్యుత్ తాకిడికి గురియైన కుక్కలలో పెక్కు, తరువాత సులభముగా దాటిపోగల అడ్డుగోడ ముందున్నను, కదలక పడియుండెను. దీనికి నేర్చుకొనిన నిస్సహాయత అని పేరిడిరి. ఏమి చేసినను ఫలము లేదను అనుభవము, ఫలమున్న చోట కూడ ప్రయత్నమును చంపునని తాత్పర్యము. ఓడు జట్టులను వర్ణించువారికి ఈ పదము గొప్ప ఆధారమైనది.

కాని ఆ పరిశోధకులే దాదాపు ఏబది సంవత్సరముల తరువాత, 2016లో, తమ సిద్ధాంతమును సవరించిరి. దీర్ఘకాలపు బాధకు జీవి చూపు సహజ ప్రతిక్రియయే నిశ్చేష్టత. అది నేర్చుకొనినది కాదు. నేర్చుకొనవలసినది, పరిస్థితి తన వశమున నున్నదను ఎఱుకయే అని వారు తేల్చిరి. ఆ తొలి ప్రయోగముల పిమ్మట కుక్కలను చేతితో పట్టి పలుమాఱులు గోడ దాటించినపుడు, అవి తమంతట తామే దాట నేర్చినవి. ఓదార్పు మాటలు పనిచేయలేదు. దాటిన అనుభవము పనిచేసినది.

కుక్కల విషయమును జట్టునకు యథాతథముగా అన్వయింపరాదు. ఐనను ఒక సూచన మాత్రము గ్రహింపవచ్చును. ఓడిన జట్టునకు ధైర్యవచనములకంటె, తన చేతనున్న చిన్న పనికి ఫలితము కలుగుచున్నదని చూపుట ముఖ్యము.

శాపమను సాకు

ఓటమికి మనస్సు కారణమనుటలో ఒక ప్రమాదమున్నది. అది సులభముగా శాపమను కథగా మాఱును. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, అసలు తప్పు మఱుగున పడును.

బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు 1918 తరువాత 2004 వఱకు వరల్డ్ సిరీస్ గెలువలేదు. బేబ్ రూత్ అను మహా ఆటగానిని న్యూయార్క్ యాంకీస్ జట్టునకు అమ్మిన పాపమే శాపమైనదని జనవాక్యము. అసలు చరిత్ర వేఱొకటి చెప్పును. 1945 ఏప్రిలులో బోస్టన్ మైదానమున నల్లజాతి ఆటగాండ్రు మువ్వురిని పరీక్షించి, ఒక్కరినైనను తీసికొనలేదు. వారిలో జాకీ రాబిన్సన్ ఒకడు. 1947లో బ్రూక్లిన్ జట్టున చేరి ఆ శతాబ్దమున ప్రధాన లీగుల వర్ణభేదమును తొలగించినవాడతడే. శామ్ జెత్రో మఱియొకడు. 1950లో అదే నగరమునందలి బ్రేవ్స్ జట్టున ఉత్తమ నూతన ఆటగాడుగా ఎన్నికయయ్యెను. రెడ్ సాక్స్ మాత్రము 1959 వఱకు నల్లజాతి ఆటగానిని చేర్చుకొనలేదు. అన్ని జట్టులలోను చివరిది అదియే. శ్రేష్ఠులను గుమ్మము వద్ద త్రిప్పిపంపిన జట్టు ఓడుటకు శాపమేల?

శాపపు కథ వలన నష్టపోవువాడు సామాన్యముగా ఒక్కడు. 1986 వరల్డ్ సిరీస్ ఆఱవ ఆటలో బోస్టన్ గెలుపు అంచున నుండెను. బిల్ బక్నర్ కాళ్ల నడుమనుండి బంతి జారిపోయెను. న్యూయార్క్ మెట్స్ గెలిచెను. నాటినుండి ఓటమి భారమంతయు అతనిపై మోపిరి. కాని అతని పొరపాటునకు ముందే, గతితప్పిన ఒక బంతి వలన పరుగులు సమమైనవి. పైగా ఏడవ ఆట మిగిలియుండెను. అందు 3–0 ఆధిక్యము పొందియు బోస్టన్ 5–8గా ఓడెను. రెండువేలకు పైగా గెలుపుదెబ్బలు కొట్టిన అతడు ఆ ఒక్క బంతితోనే గుర్తింపబడెను. 2008 ఏప్రిలులో బోస్టన్ మైదానమున ఆరంభపు బంతి విసరుటకు అతనిని పిలిచినపుడు జనులెల్ల లేచి నిలిచి చప్పట్లు చరచిరి. అప్పటికి జట్టు రెండు మాఱులు విజేతయై యుండెను. గెలిచిన పిమ్మటనే క్షమింప గలుగుట ఓటమి నేర్పెడి దోషములలో ఒకటి.

షికాగో కబ్స్ కథయును ఇట్టిదే. 1908 తరువాత 2016 వఱకు ఆ జట్టునకు తుది విజయము లేదు. 1945లో ఒక మేకను మైదానములోనికి రానీయకపోవుటయే కారణమని కథ. 2003లో లీగు విజయమునకు ఐదు ఔట్ల దూరమున నుండగా, గీటుబయటకు వచ్చిన బంతిని అందుకొనబోయిన ఒక ప్రేక్షకుని అందఱును దూషించిరి. అదే ఇన్నింగ్సులో ఆటగాండ్రు చేసిన పొరపాటును, ప్రత్యర్థులు కొట్టిన ఎనిమిది పరుగులను, మరునాటి ఓటమిని మఱచిరి. ఆ ప్రేక్షకుడు ఇల్లు కదలలేని స్థితి ఏర్పడెను. 2017లో ఆ సంస్థయే విజేతల ఉంగరమును అతనికి బహూకరించెను.

మార్పు కలిగిన విధము

టంపా బే జట్టు 1998లో పుట్టినది. మొదటి పది సంవత్సరములలో తొమ్మిది మాఱులు తన విభాగమున కడపటి స్థానమే. 2007లో 96 ఆటలు ఓడిన ఆ జట్టు 2008లో 97 గెలిచి లీగు విజేతయయ్యెను. మేనేజరు జో మాడన్ ఆ యేడు ఒక వింత లెక్కను ప్రచారము చేసెను: తొమ్మిది ఎనిమిదికి సమానము. తొమ్మండుగురు తొమ్మిది ఇన్నింగ్సులు శ్రద్ధతో ఆడినచో, తుది పోటీలకు ఎన్నికయగు ఎనిమిది జట్టులలో తామొకరగుదురని భావము. ఈ నినాదము మాత్రమే గెలిపించినదనుట పొరపాటు. పలు సంవత్సరములు కడపట నిలుచుట వలన ఎంపికలో ముందు వంతు లభించి చేరిన ప్రతిభావంతులైన యువకులు అప్పటికి ఎదిగియుండిరి. శక్తి సిద్ధమైన వేళ మాట తోడైనది.

పిట్స్‌బర్గ్ మార్పును ఈ తీరుననే జరిగెను. క్లింట్ హర్డిల్ 2011లో మేనేజరుగా వచ్చెను. 2012 చివర రస్సెల్ మార్టిన్ అను క్యాచరును రెండేండ్లకు తీసికొనిరి. అంచున పడిన బంతిని చక్కగా పట్టి, అంపైరు తీర్పు తమవైపు వచ్చునట్లు చేయుటలో అతడు నేర్పరి. ఆ నేర్పునకు నాడు అంగడిలో వెల తక్కువ. బంతి ఎక్కువగా పోవు దిక్కును గణాంకములతో గుర్తించి, ఆటగాండ్రను అటు నిలిపిరి. (అట్టి అమరికను 2023 నుండి నిబంధనలు పరిమితము చేసినవి.) గణితజ్ఞులు కార్యాలయమున దాగియుండక ఆటగాండ్రతో కలిసి కూర్చుండి కారణములు వివరించిరి. ధనము లేని చోట బుద్ధిని వినియోగించిరి.

2013లో జట్టు 94 ఆటలు గెలిచెను. ఆండ్రూ మెక్కచెన్ లీగులో అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికయయ్యెను. అక్టోబరు 1న సిన్సినాటీతో జరిగిన ఆటకు ప్రేక్షకులు నల్లని దుస్తులతో నిండి, ప్రత్యర్థి పిచ్చరగు క్వేటో పేరును రాగము తీయుచు పిలిచిరి. అతని చేతినుండి బంతి జారి నేలబడెను. మరు బంతినే మార్టిన్ మైదానము దాటించెను. ఇరువది ఏండ్లు ఓటమిని మోసిన జనమే ఆ రాత్రి గెలుపులో భాగమైనది.

మూడేండ్ల తరువాత షికాగో వంతు. ఆ జట్టునకు మేనేజరు టంపా బే నుండి వచ్చిన మాడనే. 2016 నవంబరు 2న క్లీవ్‌లాండ్ తో ఏడవ ఆట. ఎనిమిదవ ఇన్నింగ్సులో 6–3 ఆధిక్యము కరగి సమమైనది. తొమ్మిదవది ముగిసిన పిమ్మట వాన వచ్చి 17 నిమిషములు ఆట నిలిచెను. 108 ఏండ్ల కథ మరల మొదలైనదని ఎల్లరును తలచుచుండగా, జేసన్ హేవర్డ్ అను ఆటగాడు తోటివారిని ఒక గదిలో సమావేశపఱచి, తామెంతటి జట్టో జ్ఞాపకము చేసెను. పదవ ఇన్నింగ్సులో రెండు పరుగులు తీసి 8–7గా గెలిచిరి. ఆ మాట పనిచేసినదన్నచో, దానికి ముందు ఆ యేడు 103 ఆటలు గెలిచిన అనుభవము వెనుక నిలిచియుండుటచేతనే.

మన దేశపు సాదృశ్యము

భారత క్రికెట్ జట్టు 1932లో లార్డ్స్ మైదానమున తొలి టెస్టు ఆడెను. నాయకుడు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిన కొట్టారి కనకయ్య నాయుడు. చేతికి గాయమైనను మొదటి ఇన్నింగ్సులో అతడు చేసిన 40 పరుగులే జట్టులో అధికము. ఇంగ్లండు ఒక దశలో 19 పరుగులకు ముగ్గురిని కోల్పోయెను. ఓడినను అది భయపడిన జట్టు ఆడిన ఆట కాదు. ఐనను తొలి విజయమునకు ఇరువది ఏండ్లు పట్టెను. 1936లో ఇంగ్లండు పర్యటనకు నాయకత్వము నాయుడునకు గాక విజయనగర మహారాజకుమారునకు లభించెను. మేటి ఆటగాడైన లాలా అమరనాథ్‌ను పర్యటన నడుమనే స్వదేశమునకు త్రిప్పిపంపిరి. ఇచటను లోపము ముందుగా నిర్ణయములు చేయు చోటనే కాననగును.

1952 ఫిబ్రవరిలో మద్రాసున, తన 25వ టెస్టులో, భారతజట్టు ఇంగ్లండును ఇన్నింగ్సు 8 పరుగులతో ఓడించెను. వినూ మన్కడ్ ఆ ఆటలో 12 వికెట్లు తీసెను. హైదరాబాదు ఆటగాడైన గులాం అహ్మద్ రెండవ ఇన్నింగ్సులో అతనికి తోడుపడెను. అదే యేడు పాకిస్తానుపై తొలి సిరీస్ విజయమును దక్కెను. గోడను ఒక పర్యాయము దాటుట ఎంత ముఖ్యమో ఇందువలనను తెలియుచున్నది.

ఉపసంహారము

పైని చరిత్రలవలన తేలునది ఇది. పరాజయ భావము నిజమే. కాని అది మూలకారణము కాదు, మూలకారణమునకు కావలికాయు భటుడు. తొలుత ధనలోపము, దుర్నిర్ణయము, పక్షపాతము జట్టును ఓడించును. పిదప ఓటమి అలవాటై, ఆ లోపములను ప్రశ్నింపనీయక కాపాడును. ఆటగానికి పిఱికివాడని పేరిడుటయు, మేకను నిందించుటయు ఆ కావలిలోని భాగములే. చికిత్సయును ఈ క్రమముననే జరుగవలెను: ముందు లోపమును సవరించుట, తరువాత చిన్న విజయములను చేతికందించుట, పిమ్మట ధైర్యము చెప్పుట. మాట ముందు వచ్చి పని రాకున్నచో అది రెండవ ఓటమి యగును.

ఈ చికిత్స శాశ్వతము కాదనుటకు పిట్స్‌బర్గే సాక్షి. 2015లో 98 ఆటలు గెలిచిన ఆ జట్టు 2019 మొదలు 2024 వఱకు ప్రతియేడును మరల ఓటముల పాలయ్యెను. గెలుపు ఒకసారి సంపాదించి దాచుకొను ఆస్తి కాదు. ఏటేట దున్నవలసిన చేను. దీర్ఘకాలము కష్టించు ఏ సంస్థయైనను, ఏ సంఘమైనను, మనవారికి పట్టుదల లేదని నిట్టూర్చుటకు ముందు, గుమ్మము వద్ద ఎవరిని త్రిప్పిపంపితిమని, ఏ దూలమును అమ్ముకొంటిమని తన్ను తాను ప్రశ్నించుకొనుట మేలు.